చెవి మిషన్ కొనే ముందు: ఆడియాలజిస్టు దగ్గర పరీక్ష నుంచి ఫిటింగ్ దాకా

టీవీ సౌండ్ పెంచమంటున్నారు. ఫోన్‌లో "ఆఁ? ఏంటీ?" ఎక్కువైంది. మగవాళ్ల మాటలు అందుతున్నాయి గానీ చిన్నపిల్లల మాటలు అర్థం కావట్లేదు. ఇంట్లో పెద్దవాళ్లకి ఇలా మొదలవగానే చాలామంది నేరుగా షాపుకెళ్లో ఆన్‌లైన్‌లోనో మిషన్ కొనేస్తారు. రెండు నెలలు తిరక్కుండానే అది బీరువాలో చేరుతుంది. తప్పు చాలాసార్లు మిషన్‌ది కాదు. చెవిని సరిగ్గా కొలవకుండా, ఆ కొలతకి మిషన్‌ని సెట్ చేయకుండా ఇచ్చేశారు, అంతే. ఆ రెండు పనులూ ఆడియాలజిస్టువి.

ఈఎన్‌టీ డాక్టరు మందులు రాస్తారు, ఆపరేషన్ చేస్తారు. వినికిడి ఎంత తగ్గింది, ఎక్కడ తగ్గింది అని తేల్చేది, మిషన్ అమర్చి దానికి అలవాటు పడేలా చేసేది ఆడియాలజిస్టు. బీఏఎస్ఎల్‌పీ (వినికిడి, మాట లోపాల మీద డిగ్రీ) లేదా ఆపై కోర్సు చదివి, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టరై ఉండాలి. ఆ నంబరు అడగడానికి మొహమాటపడకండి. ప్రభుత్వ సంస్థల్లో మైసూరులోని ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ పేరున్నది. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది.

ఒక్క హెచ్చరిక. నిన్నటిదాకా బాగా వినిపించిన చెవి హఠాత్తుగా మూసుకుపోతే ముందు ఆడియాలజిస్టు దగ్గరికి కాదు, అదే రోజో మర్నాడో ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లండి. కొన్ని రకాల హఠాత్ చెవుడుకి స్టెరాయిడ్ మందులు మొదటి రోజుల్లోనే బాగా పనిచేస్తాయి. "జలుబు చేసింది, అదే పోతుంది" అని నెల ఆగితే ఆ అవకాశం పోతుంది.

పరీక్షకి ముందు

గులిమి ఉంటే తీయించుకునే వెళ్లాలి. గులిమి చెవి రంధ్రాన్ని మొత్తం మూసేస్తే లేని లోపం కూడా రిపోర్టులో కనిపిస్తుంది. బడ్స్‌తో, పిన్నీసుతో ఇంట్లో తీయొద్దు. అవి గులిమిని ఇంకా లోపలికి తోస్తాయి. వెచ్చటి కొబ్బరినూనె పోసే అలవాటూ మానాలి. కర్ణభేరికి రంధ్రం ఉంటే నూనె నేరుగా మధ్య చెవిలోకి దిగుతుంది. ముందురోజు డీజే, బాణసంచా, జనరేటరు శబ్దాలకి దూరంగా ఉండండి. వాటివల్ల కొన్ని గంటలపాటు వినికిడి మందగిస్తుంది.

సౌండ్‌ప్రూఫ్ గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ పెడతారు. చేతిలో బటన్ ఇస్తారు. శబ్దం వినిపించీ వినిపించనట్టు ఉన్నా నొక్కాలి. చాలామంది "స్పష్టంగా వినిపిస్తేనే నొక్కాలేమో" అనుకుని ఆగుతారు. దాంతో లోపం ఉన్నదానికంటే ఎక్కువ పడుతుంది. బాగా వినిపించే చెవితో, 1000 హెర్ట్జ్ (శబ్దం ఎంత సన్నదో చెప్పే కొలత) శబ్దంతో మొదలుపెడతారు. నొక్కినప్పుడల్లా 10 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) తగ్గిస్తారు, నొక్కకపోతే 5 పెంచుతారు. అలా దిగుతూ ఎక్కుతూ అతి తక్కువగా వినిపించే స్థాయిని పట్టుకుంటారు. 250 నుంచి 8000 హెర్ట్జ్ వరకు ఇదే తంతు. తర్వాత చెవి వెనక ఎముక మీద చిన్న వైబ్రేటరు పెట్టి మళ్లీ చేస్తారు. ఒక చెవిని పరీక్షిస్తూ రెండో చెవిలో హోరు వినిపిస్తే కంగారుపడొద్దు. మంచి చెవి జోక్యం చేసుకోకుండా కావాలనే పెడతారు.

ఆడియోగ్రామ్ చదవడం

పరీక్షలో వచ్చిన స్థాయిల్ని గీతలుగా గీసిన కాగితమే ఆడియోగ్రామ్. దాని కాపీ తప్పకుండా అడిగి తీసుకోండి. ఎర్ర సున్నాలు కుడి చెవి, నీలి ఇంటూ గుర్తులు ఎడమ చెవి. ఎడమ పక్క లావు శబ్దాలు, కుడి పక్కకి వెళ్లేకొద్దీ సన్న శబ్దాలు. గుర్తు ఎంత కిందికి దిగితే లోపం అంత ఎక్కువ. పెద్దవాళ్లకి 25 డెసిబెల్స్ లోపు మామూలు వినికిడి. 26–40 స్వల్పం, 41–55 మధ్యస్థం, 56–70 మధ్యస్థం కంటే కాస్త తీవ్రం, 71–90 తీవ్రం, ఆపైన అతి తీవ్రం.

ఉదాహరణకి ఒక చెవికి 500 హెర్ట్జ్ దగ్గర 30 డెసిబెల్స్, 1000 దగ్గర 40, 2000 దగ్గర 55, 4000 దగ్గర 70 వచ్చాయనుకుందాం. మొదటి మూడింటి సగటు సుమారు 42. "మధ్యస్థం" అని రాస్తారు. అసలు బాధ ఆ సగటులో కనిపించదు. అచ్చుల బలమంతా లావు శబ్దాల్లో ఉంటుంది. స, చ, క, త లాంటి హల్లులు తేడా తెలిసేది ఎక్కువగా 2000 పైనే. అందుకే ఈ మనిషికి "కాలు", "పాలు", "చాలు" మూడూ ఒకేలా వినిపిస్తాయి. "వినపడుతోంది, అర్థం కావట్లేదు" అనే ఫిర్యాదు ఇక్కడిదే. ఇలాంటి చెవికి అన్ని శబ్దాలూ సమానంగా పెంచే చవక యాంప్లిఫయర్ పెడితే హోరు పెరుగుతుంది, మాట పెరగదు.

హెడ్‌ఫోన్‌తో చేసిన పరీక్ష గీత కిందికి దిగి, ఎముక మీద వైబ్రేటరుతో చేసిన గీత పైనే ఉంటే అడ్డు బయటి చెవిలోనో మధ్య చెవిలోనో ఉన్నట్టు. గులిమి, కర్ణభేరికి రంధ్రం, లోపల నీరు, ఎముకల గొలుసు బిగుసుకోవడం లాంటివన్నమాట. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది, కాబట్టి మిషన్ కంటే ముందు ఈఎన్‌టీ. రెండు గీతలూ కలిసి దిగితే లోపం లోపలి చెవిలోనో నరంలోనో ఉంది. అప్పుడు సాధారణంగా మిషనే దారి. చెవిలో చిన్న గాలి ఒత్తిడి పెట్టి చేసే టింపనోమెట్రీలో శిఖరం లేకుండా చదునుగా గీత వస్తే మధ్య చెవిలో నీరు చేరిందనో, కర్ణభేరికి రంధ్రం ఉందనో అనుమానిస్తారు.

మాటల పరీక్ష కూడా చేయమనండి. సౌకర్యంగా వినిపించే స్థాయిలో తెలుగు మాటల జాబితా చదివి నూటికి ఎన్ని సరిగ్గా తిరిగి చెప్పారో చూస్తారు. ఇది సగం కంటే తక్కువ వస్తే ఎంత ఖరీదైన మిషనైనా పూర్తి స్పష్టత ఇవ్వలేదు. ఆ సంగతి కొనే ముందే తెలియడం మంచిది.

మిషన్, మోల్డ్, సెట్టింగ్

చెవిలో కనిపించకుండా దూరే చిన్న మిషన్ అందరికీ నచ్చుతుంది. వేళ్లు వణికేవాళ్లు దాని బ్యాటరీ మార్చుకోలేరు. చీము కారే చెవికి అది అసలే పనికిరాదు. చాలామంది పెద్దవాళ్లకి చెవి వెనక పెట్టుకునేదే నయం. రెండు చెవుల్లోనూ లోపముంటే రెండు మిషన్లు పెట్టుకుంటే గోలలో మాట పట్టడం, శబ్దం ఎటునుంచి వస్తోందో తెలియడం మెరుగవుతాయి.

మోల్డ్ అంటే మీ చెవి రంధ్రం ఆకారానికి చేసే అచ్చు. దానికోసం కొలత తీసేటప్పుడు ముందుగా దారం కట్టిన చిన్న దూది లేదా స్పాంజ్ ముక్కని చెవి రంధ్రంలో రెండో వంపు దాటించి పెట్టాలి. అది లేకుండా మెత్తటి పదార్థం నింపితే కర్ణభేరికి తగిలే ప్రమాదం ఉంది. గట్టిపడే కొద్ది నిమిషాల్లో నోరు తెరిచి, నమిలినట్టు చేయమంటారు. దవడ కదిలితే చెవి రంధ్రం ఆకారం కూడా మారుతుంది కాబట్టి ఈ భాగం దాటేస్తే మోల్డ్ తర్వాత వదులై కీచుమంటుంది.

సెట్టింగ్ కంప్యూటర్‌లో చేస్తారు. ఆడియోగ్రామ్ ఎక్కించగానే సాఫ్ట్‌వేర్ ఒక అంచనా ఇస్తుంది. చాలా చోట్ల పని అక్కడితో ఆపేస్తారు. సన్నటి గొట్టాన్ని కర్ణభేరి దగ్గరిదాకా పెట్టి, మిషన్ తొడిగి, చెవిలో నిజంగా ఎంత శబ్దం చేరుతోందో కొలిచే రియల్ ఇయర్ మెజర్‌మెంట్ ఉందా అని అడగండి. లేకపోతే కనీసం మిషన్ పెట్టి, తీసి రెండుసార్లు మాటల పరీక్ష చేయించండి. తేడా అంకెల్లో కనపడుతుంది.

మొదటి నెల

తొలిరోజు ఇంట్లో, ప్రశాంతంగా, రెండు మూడు గంటలు చాలు. రోజూ కొంచెం పెంచుతూ వారం పది రోజుల్లో మెలకువగా ఉన్నంతసేపూ పెట్టుకునే స్థితికి రావాలి. ఫ్యాను, గిన్నెలు, కాగితం చప్పుడు మొదట్లో చిరాకు పెడతాయి. మెదడు చాలాకాలంగా వాటిని వినలేదు మరి. సొంత గొంతు కుండలో తల పెట్టి మాట్లాడినట్టు ఉంటే మోల్డ్‌లో గాలి రంధ్రం పెద్దది చేయమనండి. రెండు వారాలకి తప్పక మళ్లీ వెళ్లాలి. పళ్లెం చప్పుడు గుచ్చుకుంటోంది, కోడలి మాట అందట్లేదు లాంటి వివరాలు రాసి పట్టుకెళితే సెట్టింగ్ మార్చడం సులువు.

కీచుమంటే ముందు మోల్డ్ సరిగ్గా కూర్చుందో, చెవిలో గులిమి నిండిందో చూడండి. అసలు పలకకపోతే బ్యాటరీ, తర్వాత గొట్టంలో గులిమి లేదా చెమట చుక్క. జింక్ బ్యాటరీకి స్టిక్కర్ తీశాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి వేయాలి. వెంటనే వేస్తే పూర్తి శక్తి రాదు. స్టిక్కర్ రంగుతో సైజు గుర్తుపట్టొచ్చు: 10 పసుపు, 312 గోధుమ, 13 నారింజ, 675 నీలం. రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి, సిలికాజెల్ ఉన్న మూత డబ్బాలో పెట్టండి. కోస్తా ఉక్కపోతకి, వానాకాలానికి ఇది తప్పదు. మోల్డ్‌ని మిషన్ నుంచి విడదీశాకే గోరువెచ్చని సబ్బునీళ్లతో కడగాలి. పలచని గొట్టం గట్టిపడి పసుపెక్కితే మార్పించాలి, దాదాపు మూడు నుంచి ఆరు నెలలకి.

పసిపిల్లల విషయంలో చప్పట్లు, పళ్లేలు కొట్టి చూడటాన్ని నమ్మొద్దు. బిడ్డ నీడకో, గాలి కదలికకో తల తిప్పొచ్చు. లోపలి చెవి, నరం స్పందనని యంత్రంతో కొలిచే ఓఏఈ, బెరా పరీక్షలు నిద్రలోనే చేస్తారు. నెలలోపు స్క్రీనింగ్, మూడో నెలకల్లా నిర్ధారణ, ఆరో నెలకల్లా మిషన్, శిక్షణ మొదలవ్వాలి. మిషన్‌తో ఫలితం లేని పిల్లలకి కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్‌తో లోపలి చెవిలో అమర్చే పరికరం) చేస్తారు. వికలాంగులకి పరికరాలిచ్చే కేంద్రం అడిప్ పథకం కింద సాయం ఉంది. వయసు పరిమితులు ఉంటాయి కాబట్టి ఆలస్యం చేయొద్దు.

వికలాంగుల సర్టిఫికెట్ కావాలంటే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ, మాట్లాడే స్థాయి శబ్దాల దగ్గర, 60 డెసిబెల్స్ లేదా ఎక్కువ లోపం ఉండాలి. 70 అయితే చెవుడు కిందికి వస్తుంది. ఆ సర్టిఫికెట్ కోసం పరీక్ష చేసే సదరం క్యాంపుకి వెళ్లేటప్పుడు పాత ఆడియోగ్రామ్‌లన్నీ వరసగా పట్టుకెళ్లండి. ఏడాదికోసారి పరీక్ష మళ్లీ చేయించి, మిషన్ సెట్టింగ్‌ని కొత్త గీతకి మార్పించండి.