పొట్టిగా ఉండే ఆడవాళ్లు రోడ్ బైక్ కొనేటప్పుడు: సీటు ఎత్తు తర్వాత చూడొచ్చు, ముందుగా ఫ్రేమ్ పొడవు చూడండి

నా ఎత్తు 150 సెంటీమీటర్లు. మొదటి రోడ్ బైక్ (రోడ్డు మీద వేగంగా తొక్కే సన్న టైర్ల సైకిల్) కొన్న రోజు షాపులో ఆయన నన్ను ఫ్రేమ్‌కి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడమని, రెండు పాదాలూ నేలకి ఆనాయో లేదో చూసి, "సరిగ్గా సరిపోయింది మేడమ్, కావాలంటే సీటు ఇంకాస్త దించుకోవచ్చు" అన్నాడు. నేనూ నమ్మి తెచ్చుకున్నాను. అరగంట తొక్కేసరికి అరచేతులు తిమ్మిరెక్కేవి, మెడ పట్టేసేది, బ్రేకుల మీద వేళ్లు వెయ్యాలంటే ముందుకి జరిగి సీటు కొసన కూర్చోవాల్సి వచ్చేది. నాకు బలం చాలట్లేదు, అలవాటైతే సర్దుకుంటుంది అనుకుంటూ ఏడాది గడిపేశాను. తేడా అంతా ఫ్రేమ్ పొడవులో ఉందని ఆ తర్వాత తెలిసింది.

సీటుని ఎత్తొచ్చు, దించొచ్చు, కొంచెం ముందుకీ వెనక్కీ జరపొచ్చు. ఫ్రేమ్ పొడుగైతే మాత్రం దాన్ని కుదించలేం. పొట్టివాళ్లు నిలబడి చూసుకుని సైజు తేల్చుకోకూడదు అనేది ఇందుకే, ఇప్పటి ఫ్రేముల్లో పై గొట్టం వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి ఎంత పొడుగు బండి మీదైనా కాళ్లు నేలకి ఆనతాయి.

చూడాల్సిన అంకెలు రెండు, రీచ్, స్టాక్. పెడళ్లు తిరిగే ఇరుసు మధ్యలోంచి నిటారుగా పైకి ఒక గీత గీశామనుకోండి, ఆ గీత నుంచి హ్యాండిల్ దిగే గొట్టం పైకొస దాకా అడ్డంగా ఉన్న దూరం రీచ్, అదే కొస ఇరుసు కంటే ఎంత ఎత్తులో ఉందో అది స్టాక్. కంపెనీ వెబ్‌సైట్లో జామెట్రీ పట్టికలో, అంటే ఫ్రేమ్ కొలతల పట్టికలో, రెండూ ఇస్తారు. 44 అనో ఎక్స్ఎస్ అనో రాసి ఉండే సైజుని పట్టించుకోకండి, ఒక కంపెనీ 44 ఇంకో కంపెనీ 47 కంటే పొడుగ్గా ఉండొచ్చు.

టాప్ ట్యూబ్ (పై గొట్టం) పొడవు చూసి మోసపోవడం చాలా తేలిక, నేనూ మోసపోయాను. మామూలు సైజుల్లో సీటు గొట్టం 73, 74 డిగ్రీల వాలులో ఉంటే చిన్న సైజుల్లో 75, 76 దాకా నిటారుగా పెడతారు. అలా పెడితే సీటు ముందుకొస్తుంది, పట్టికలో టాప్ ట్యూబ్ తగ్గినట్టు కనిపిస్తుంది, హ్యాండిల్ మాత్రం ఒక్క మిల్లీమీటరు కూడా దగ్గరికి రాదు. పెడళ్ల మీద మోకాలు సరైన చోటికి రావాలని మీరు సీటుని వెనక్కి జరుపుకోగానే ఆ దూరం మళ్లీ మొదటికొస్తుంది. డిగ్రీకి దాదాపు ఒక సెంటీమీటరు తేడా. రీచ్‌ని ఈ లెక్కతో మార్చలేరు, అందుకే దాన్ని నమ్మాలి. చాలా కంపెనీల్లో చివరి రెండు చిన్న సైజుల మధ్య సీటు గొట్టం బాగా తగ్గుతుంది కానీ రీచ్ తగ్గేది అయిదారు మిల్లీమీటర్లే, ఆ రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి చూడండి.

అలా ఎందుకు చేస్తారంటే చక్రం వల్ల. రోడ్ బైకుల్లో మామూలుగా వచ్చే 700సి చక్రానికి టైరు కూర్చునే చోట వ్యాసం 622 మిల్లీమీటర్లు, ఎంత చిన్న ఫ్రేమైనా అదే చక్రం. ఫ్రేమ్‌ని నిజంగా పొట్టి చేస్తే ముందు చక్రం మన పాదానికి తగులుతుంది, అందుకని ముందు భాగాన్ని సాగదీస్తారు. ఇంకాస్త చిన్న చక్రాలూ ఉన్నాయి, 650బి అయితే ఆ వ్యాసం 584, 650సి అయితే 571, ఇవి ఉన్న చిన్న ఫ్రేములు చూడగానే తెలిసిపోతాయి, అన్నీ కొలతలో ఉంటాయి. 1985లో అమెరికాలో జార్జీనా టెర్రీ ఆడవాళ్ల కోసమే సైకిళ్ల కంపెనీ పెట్టినప్పుడు ముందు చిన్న చక్రం, వెనక మామూలు చక్రం వేసి ఈ చిక్కునే విప్పింది. ఇప్పుడు 650సి టైర్లు దొరకడం కష్టం, సెకండ్ హ్యాండ్‌లో అలాంటి బండి కనబడితే ముందుగా టైర్ల సంగతి కనుక్కోండి. 650బికి ఆ ఇబ్బంది అంతగా లేదు.

పాదం తగులుతుందో లేదో షాపులోనే చూడొచ్చు. మీరు తొక్కే షూస్ వేసుకుని, పెడల్ ముందుకి అడ్డంగా ఉన్నప్పుడు హ్యాండిల్‌ని పక్కకి తిప్పండి. వేళ్ల కొసలు కొంచెం రాసుకున్నా పర్లేదు, వేగంగా వెళ్లేటప్పుడు హ్యాండిల్ అంతగా తిప్పం. సగం పాదం చక్రానికి అడ్డం వస్తుంటే మాత్రం నెమ్మదిగా యూ టర్న్ తీసుకునేటప్పుడు పడిపోతారు.

ఇక క్రాంక్ గురించి, అంటే ఇరుసుని పెడల్‌తో కలిపే కడ్డీ గురించి గట్టిగా చెప్తాను, ఎందుకంటే షాపులో ఎవరూ అడగరు. చిన్న సైజు బండికి కూడా చాలాసార్లు 170 మిల్లీమీటర్ల క్రాంక్ బిగించి ఇచ్చేస్తారు. కాళ్లు పొట్టిగా ఉంటే పెడల్ పైకొచ్చినప్పుడు మోకాలు పొట్టకి గుచ్చుకున్నట్టు అవుతుంది, నడుము పక్కలకి ఊగుతుంది. 160కి మారితే పెడల్ పైన 10 మిల్లీమీటర్లు తగ్గుతుంది, కింద కాలు అందడానికి సీటుని ఇంకో 10 ఎత్తుతాం, అంటే పైన మోకాలికి మొత్తం 20 మిల్లీమీటర్ల చోటు దొరుకుతుంది. పాదం చక్రానికి తగలడం కూడా ఆ 10 మేరకి తగ్గుతుంది. 165, 160, కొన్నిట్లో 155 కూడా దొరుకుతాయి. కొనేటప్పుడే మార్చి ఇమ్మని అడగండి, తర్వాత మార్చుకోవడం ఖర్చు.

హ్యాండిల్ వెడల్పు భుజం ఎముకల మధ్య దూరమంత ఉంటే చాలు, మనకి 36 లేదా 38 సెంటీమీటర్లు. హ్యాండిల్‌ని ఫ్రేమ్‌కి కలిపే ముక్క, స్టెమ్, 80 లేదా 70 మిల్లీమీటర్లకి మార్చుకోవచ్చు, ఇంకా పొట్టిది వేస్తేగానీ అందడం లేదంటే ఆ ఫ్రేమ్ మీది కాదు. బ్రేక్ లివర్‌లో చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పితే లివర్ దగ్గరికొస్తుంది. కింది వంపులో చెయ్యి పెట్టి, మణికట్టు కదపకుండా చూపుడువేలి మొదటి కణుపుతో లివర్‌ని లాగగలుగుతున్నారా చూడండి.

ట్రయథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు కలిసిన పోటీ) బైక్ అయితే లెక్క కాస్త వేరు. మోచేతులు పెట్టుకునే ప్యాడ్‌లు ఎంత ఎత్తులో, ఎంత ముందుకి వస్తాయో కంపెనీ ఇచ్చే అంకెలు అడగండి, చిన్న ఫ్రేముల్లో ప్యాడ్‌ల కింద ఎత్తు కోసం పెట్టే ముక్కలన్నీ తీసేసినా ప్యాడ్‌లు ఇంకా ఎత్తుగానే ఉండిపోవడం మామూలే. బాగా వంగి తొక్కుతాం కాబట్టి పొట్టి క్రాంక్ ఇక్కడ ఇంకా అవసరం. ఫ్రేమ్ మధ్యలో రెండో సీసాకి చోటుండదు, పక్కనుంచి తీసుకునే బాటిల్ కేజ్ పెట్టించుకోండి.

సీటు ఎత్తుకి ఒక పాత లెక్క ఉంది. గోడకి ఆనుకుని, చెప్పుల్లేకుండా, కాళ్ల మధ్య పుస్తకాన్ని గట్టిగా పైకి నొక్కి పెట్టి నేల నుంచి దాని పై అంచు దాకా కొలవండి, దాన్ని 0.883తో గుణించండి. 70 సెంటీమీటర్లు వస్తే ఇరుసు మధ్య నుంచి సీటు పై దాకా దాదాపు 62. ఇది మొదలు మాత్రమే, అక్కణ్నుంచి కొంచెం అటూఇటూ చేసుకోవాలి.

ఆ ఎత్తులో పెట్టించి కనీసం అరగంట తొక్కండి. మోచేతులు బిగుసుకుంటే, మీకు తెలియకుండానే సీటు మీద ముందుకి జారుతుంటే బండి పొడుగు. అన్నీ కుదిరిన బండి దొరికిందా, టేపు తీసుకుని ఇరుసు నుంచి సీటు పై దాకా, సీటు ముక్కు నుంచి హ్యాండిల్ మధ్య దాకా, సీటు కంటే హ్యాండిల్ ఎంత కిందికి ఉందో, మూడూ కొలిచి ఫోన్‌లో రాసి పెట్టుకోండి. సీటు పోస్ట్ జారినా, ఎవరైనా సర్వీసింగ్‌లో కదిపినా, రేపు ఇంకో బండి కొన్నా ఆ మూడు అంకెలతోనే మళ్లీ అమర్చుకుంటారు.