ఉప్పు మోసే బండి క్యాబిన్‌కి బెడ్‌లైనర్ వేసుకోవడం

మా శ్రీకాకుళం తీరంలో నౌపడ ఉప్పు, భావనపాడు చేపలు మోసే బండ్లలో తొట్టె ముందు తుప్పు పడుతుందనుకుంటారు చాలామంది. నా బొలెరో పికప్‌లో మాత్రం డ్రైవర్ కాళ్ల కిందే మొదలైంది. తడి కాళ్లతో ఎక్కుతాం. ఉప్పునీళ్లు మ్యాట్ కిందకి దిగుతాయి. అక్కడ గాలి ఆడదు, తడి ఆరదు. అందుకని మ్యాట్ తీసేసి క్యాబిన్ నేలకి, డోర్ల లోపలి కింది భాగానికి, చక్రాల మీది ప్లాస్టిక్ పట్టీలకి బెడ్‌లైనర్ వేశాను. ఇది పికప్‌ల తొట్టెలకి వేసే పాలీయురేథేన్ పూత. ఆరాక గరుకుగా, దళసరిగా, రబ్బరులా ఉంటుంది.

కొనేటప్పుడు ఒక సంగతి చూసుకోండి. బెడ్‌లైనర్ అడిగితే కొన్ని షాపుల్లో అండర్‌బాడీ కోటింగ్ చేతిలో పెడతారు. తారుతో చేసిన రకమైతే అది చాసిస్ కిందకే పనికొస్తుంది. మే నెల ఎండకి క్యాబిన్‌లో అది మెత్తబడి చెప్పులకి అంటుకుంటుంది, వాసన కూడా పోదు. మనకి కావలసింది హార్డనర్, అంటే పూతని గట్టిపరిచే ద్రవం, కలిపే రెండు డబ్బాల కిట్. దీన్నే టూకే అంటారు. చాలా కిట్లలో 3 పాళ్ల పూతకి 1 పాలు హార్డనర్ కలపాలి. మీ డబ్బా మీద ఏ లెక్క రాసి ఉంటే అదే పాటించండి.

సీట్లు విప్పేముందు బ్యాటరీ వైరు తీసేయండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండైతే ఆ తర్వాత కూడా కాసేపు ఆగి, అప్పుడే సీటు కింది కనెక్టర్ల మీద చెయ్యి వేయాలి. కంపెనీ అతికించిన తారు ముక్కలు నేల మీద లేచి ఉంటే గీకి తీసేయండి. వాటి కిందే నీళ్లు దాక్కుంటాయి.

ఇక ఉప్పు. మన తీరం బళ్లకి అన్నిటికంటే ముఖ్యం ఇదే. తుప్పు గుంటల్లో దిగిన ఉప్పు గుడ్డతో తుడిస్తే పోదు. వైర్ బ్రష్‌తో గీకి, సబ్బు నీళ్లతో కడిగి, తర్వాత మంచినీళ్లతో ధారాళంగా కడగాలి. సముద్రం పక్క ఊళ్లలో బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే కడగనట్టే. తాగే నీళ్లే వాడండి. ఆరబెట్టి ఒక రాత్రి వదిలేయండి. తెల్లారి చూస్తే తెల్లటి ఇనుము మీద నారింజ రంగు చుక్కలు కనిపించాయా, ఉప్పు ఇంకా ఉందన్నమాట. మళ్లీ గీకి కడగాల్సిందే. ఉప్పు మీద వేసిన పూత కింద తుప్పు ఆగదు. పైన మాత్రం బాగానే కనిపిస్తుంది, అదే ప్రమాదం. రేకు చిల్లులు పడితే పుట్టీతో పూడ్చకుండా వెల్డింగ్ చేయించండి.

బయటపడ్డ ఇనుముకి ఎపాక్సీ ప్రైమర్ వేయండి. చవకని రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ జోలికి పోకండి. పైన టూకే పూత పడితే అది ముడతలు పడి లేచే అవకాశం ఉంది. పాత పెయింటు గట్టిగా ఉన్నచోట 180 లేదా 240 నంబరు ఎమరీ కాగితంతో మెరుపంతా పోయేలా రుద్దితే చాలు. మూలల్లోకి చేతి వేళ్లతోనే వెళ్లాలి, ఏ మిషనూ పోదు.

ప్లాస్టిక్ వ్యవహారం వేరు. పట్టీ విప్పి వెనక్కి తిప్పి చూడండి, అది ఏ ప్లాస్టికో అక్కడ అచ్చుపోసి ఉంటుంది. ఏబీఎస్ అయితే రుద్దితే పూత పట్టుకుంటుంది, కానీ థిన్నర్‌తో తుడవకండి, కరుగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. పీపీ (పాలీప్రొపిలీన్) అని ఉంటే ఎంత రుద్దినా పూత నిలవదు, ముందు పూత పట్టుకునేలా చేసే అడ్హీషన్ ప్రమోటర్ కొట్టాలి. బంపర్లు, వీల్ ఆర్చ్ పట్టీలు ఎక్కువగా పీపీ రకమే. మెరుపు కోసం డ్యాష్‌బోర్డ్ పాలిష్ రాసే అలవాటున్న బండైతే రుద్దడానికి ముందే డిగ్రీజర్‌తో బాగా కడగాలి. లేదంటే అందులోని సిలికాన్‌ని ఎమరీతో మనమే లోపలికి తోసినట్టవుతుంది, అక్కడ పూత గుండ్రటి మచ్చలుగా విడిపోతుంది. అనుమానముంటే పట్టీ వెనకవైపు కొంచెం వేసి, బాగా గట్టిపడ్డాక బ్లేడుతో గళ్లు గీసి, టేపు అంటించి లాగి చూడండి.

డ్యాష్‌బోర్డ్‌లో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే చోట ఈ పూత అస్సలు వేయకూడదు. సీట్‌బెల్ట్ బోల్టులు, సీటు పట్టాలు, ఎర్త్ వైరు బిగించే చోట్లు, చాసిస్ నంబరు, నేలలో నీళ్లు పోయే రంధ్రాలు, అన్నిటికీ మాస్కింగ్ టేపు వేయండి. మోచెయ్యి ఆనే డోర్ ప్యాడ్ మీద కూడా నేను వద్దనే చెప్తాను. ఆ గరుకుకి చర్మం దోక్కుపోతుంది.

సంక్రాంతి దాటాక ఉగాది లోపు చేస్తే మంచిది. తేమ ఎక్కువైతే హార్డనర్ ఆ తేమతో కలిసి బుడగలు కడుతుంది. ఉదయం మంచు విడిచాక మొదలుపెట్టండి. తడిగుడ్డతో రేకు మీద ఒక చోట తుడిచి చూడండి, పావుగంటలో ఆరిపోతే పని మొదలుపెట్టొచ్చు.

ఇది మాత్రం శ్రద్ధగా చదవండి. హార్డనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకి పడకపోతే జీవితాంతం ఉబ్బసం పట్టుకోవచ్చు. షెడ్లలో కుర్రాళ్లు మొహానికి తువ్వాలు చుట్టుకుని స్ప్రే గన్ను పట్టడం చూస్తే నాకు మనసు ఆగదు. తువ్వాలు, గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు ఏవీ దీన్ని ఆపవు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ (రసాయన ఆవిర్లని పట్టే డబ్బా) ఉన్న రెస్పిరేటర్ మాస్కు, కళ్లద్దాలు, నైట్రైల్ గ్లవ్స్ కావాలి. మూసిన క్యాబిన్‌లో గన్నుతో కొట్టాలంటే బయట నుంచి మంచి గాలి అందించే మాస్కే సరైనది. అది లేకపోతే గన్ను ఊసే వద్దు. అందుకే నేను క్యాబిన్ లోపలంతా బ్రష్షు, గరుకు ఫోమ్ రోలర్‌తోనే వేశాను. తుంపర లేవదు. అప్పుడు కూడా రెస్పిరేటర్ పెట్టుకోవాలి, డోర్లు బార్లా తెరవాలి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. పట్టీలు విప్పేసినవే కాబట్టి వాటిని ఆరుబయట గన్నుతో కొట్టుకోవచ్చు. గాలి ఒత్తిడి పెంచితే గరుకు సన్నగా, తగ్గిస్తే ముతకగా వస్తుంది.

పట్టినంత మటుకే కలపండి. కలిపాక గంటలోపు వాడేయాలి, వేసవైతే ఇంకా తొందరగా గట్టిపడుతుంది. మూలలు, జాయింట్లు ముందు బ్రష్షుతో వేసి, తర్వాత రోలర్ తిప్పండి. మొదటి కోటు పలచగా ఉండాలి, కింది రంగు అక్కడక్కడ కనిపించినా కంగారుపడకండి. దళసరిగా ఒకేసారి వేస్తే ఆవిరై పోవాల్సిన సాల్వెంట్ లోపలే చిక్కుకుంటుంది. కిట్ మీద చెప్పిన వ్యవధిలో రెండో కోటు అడ్డంగా వేయండి. ఆ వ్యవధి దాటిపోతే మళ్లీ రుద్దాకే వేయాలి. రెండో కోటు ఇంకా మెత్తగా ఉండగానే టేపు లాగేయాలి. గట్టిపడితే పూత కూడా లేస్తుంది, అప్పుడు బ్లేడుతో అంచు కోసుకుంటూ తీయాలి.

మర్నాటికి నడవొచ్చు. సీట్లు మాత్రం మూడో రోజు తర్వాతే బిగించండి. పూర్తి గట్టిదనానికి వారం దాకా పడుతుంది. ఆ వారం నేల కడగొద్దు. రాత్రి లోడు కోసం ఆగినప్పుడు ఆ క్యాబిన్‌లో పడుకోవద్దు. బయటి పట్టీలు ఎండకి తెల్లబారకుండా ఉండాలంటే అల్ట్రావయొలెట్ తట్టుకునే రకం కొనండి. బాడీకి కూడా వేసి రంగు మారిస్తే ఆర్‌సీలో మార్పించుకోవాలి, లోపలికీ పట్టీలకీ ఆ బెడద లేదు.

ఎక్కడైనా పెచ్చు లేస్తే ఆ రోజే గీకి, మంచినీళ్లతో కడిగి, ఆరనిచ్చి, ఇనుము కనిపిస్తే ప్రైమర్ వేసి, బ్రష్షుతో కొంచెం పూయండి. దానికోసం కలపని పూత, హార్డనర్ కొద్దిగా దాచుకోండి. హార్డనర్ మూత గట్టిగా బిగించి పొడిచోట పెట్టండి. తేమ తగిలితే అది డబ్బాలోనే గట్టిపడిపోతుంది.