స్పానిష్‌లో "చేద్దామనుకుంటున్నా" ఎలా చెప్పాలి?

స్పానిష్ నేర్చుకునేవాళ్ళు ఈ మాట ఎలా చెప్పాలని అడిగితే, ముందు వాళ్ళనే ఒకటి అడుగుతాను: ఆ పని ఎంతవరకు ఖాయమైంది? మాట ఎంచుకోవడం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

టికెట్ కూడా కొనేశారనుకోండి. "బోయ్ ఆ బియహార్ ఎన్ హూల్యో", అంటే జులైలో ప్రయాణం చేయబోతున్నాను. మనసులో తేల్చుకున్నారు, ఏర్పాట్లు ఇంకా మొదలుకాలేదు: "పియెన్సో బియహార్ ఎన్ హూల్యో". వెళ్ళాలా వద్దా అనేది ఇంకా తేలకపోతే "ఎస్తోయ్ పెన్సాందో ఎన్ బియహార్". "బియహార్"కి ముందు ఆ చిన్న "ఎన్" చేరగానే నిర్ణయం కాస్తా ఆలోచనగా మారిపోతుంది. అది దయచేసి పట్టించుకోండి, చాలామంది వదిలేసేది అదే. ఉత్త కోరికే అయితే "మె గుస్తరీయా బియహార్" చాలు.

"పియెన్సో"కి ముందు "నో" పెట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త. "నో పియెన్సో ఇర్" అంటే "వెళ్దామనుకోవట్లేదు" అన్నంత మెత్తగా ఉండదు, "వెళ్ళే ప్రసక్తే లేదు" అన్నట్టు వినిపిస్తుంది. స్నేహితులు పిలిస్తే ఇలా జవాబివ్వకండి, నొచ్చుకుంటారు.

"ప్రెతెందేర్" వినగానే ఇంగ్లీష్ వచ్చినవాళ్ళకు నటించడం గుర్తొస్తుంది. నటించడానికి స్పానిష్‌లో "ఫిన్‌హీర్" ఉంది. "ప్రెతెందేర్" అంటే సాధించాలని చూడటం. మన గురించి మనం చెప్పుకుంటే ఇబ్బంది లేదు. ఎదుటివాళ్ళను "కే ప్రెతెందేస్?" అని అడిగితే మాత్రం "అసలు నీ ఉద్దేశం ఏంటి?" అని నిలదీసినట్టే ఉంటుంది.

కొత్త సంవత్సరం తీర్మానాలకు "ప్రొపోసితోస్" అంటారు. ఉద్యోగం, చదువు విషయాల్లో "ఒబ్‌హెతీబో" (లక్ష్యం) వాడితే ఎక్కడా తప్పు పోదు. "మేతా" పరుగు పందెంలో ముగింపు గీత కూడా, అందుకే చాలాకాలం శ్రమించి చేరుకునే గమ్యానికి అది బాగా నప్పుతుంది.

ఇక "అందుకోసం" అని చెప్పాల్సినప్పుడు, రెండు పనులూ ఒకే మనిషి చేస్తే "పారా" తర్వాత క్రియ మూలరూపం పెట్టండి: "ఎస్తూద్యో పారా అప్రొబార్", పాసవ్వడానికి చదువుతున్నాను. మనుషులు వేరైతే "పారా కె" రావాలి, దాని తర్వాత క్రియ సబ్‌జంక్టివ్‌లోకి, అంటే కోరిక, ఉద్దేశం లాంటివి చెప్పే రూపంలోకి మారాలి: "తె యామో పారా కె బేంగాస్", నువ్వు రావాలని ఫోన్ చేస్తున్నాను.