పాత లాజిక్ పుస్తకాల్లో తప్పులు పట్టుకోవడం ఎలా

నంద్యాలకు బ్యాంకు కోచింగ్‌కి వచ్చేవాళ్ళలో చాలామంది సిలాజిజం (రెండు ఆధార వాక్యాల నుంచి మూడోది తేల్చే వాదన) చాప్టర్ రాగానే రూల్స్ బట్టీ కొట్టేస్తారు, డిగ్రీలో ఫిలాసఫీ తీసుకున్నవాళ్ళదీ అదే కథ. ఇబ్బంది ఏంటంటే ఒక పాత పుస్తకంలో ఉన్నదే ఇంకో పుస్తకంలోకి, అక్కడినుంచి గైడ్లలోకి, చివరికి జిరాక్స్ నోట్సులోకి వచ్చేస్తుంది, మధ్యలో ఎవరూ సరిచూడరు. మీరే సరిచూసుకోండి. రూల్‌లో ఎస్, పీ అని ఉన్నచోట మీకు బాగా తెలిసినవి పెట్టండి. ఆధార వాక్యాలు నిజమై, కన్‌క్లూజన్ అబద్ధమయ్యే ఉదాహరణ ఒక్కటి దొరికినా ఆ రూల్ చెల్లదు, పుస్తకం ఎన్ని ఎడిషన్లు వచ్చి ఉంటే ఏం.

మొదట 'అన్నీ' నుంచి 'కొన్ని'కి దూకే రూల్ పట్టుకోండి. "ఎస్‌లన్నీ పీలే, కాబట్టి కొన్ని ఎస్‌లు పీలు." చూడ్డానికి బాగానే ఉంది, కానీ అసలు ఎస్ అనేదే లేకపోతే? తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి పక్క చేలల్లో జనం తలలు వంచుకుని వజ్రాలు వెతుకుతారు కదా. వారం తిరిగి ఉత్త చేతులతో ఇంటికొచ్చినాయన "నాకు దొరికిన వజ్రాలన్నీ అమ్మేశా" అంటే నవ్వుతాం గానీ తప్పు పట్టలేం, ఎందుకంటే దొరికి కూడా అమ్మకుండా దాచుకున్న వజ్రం చూపిస్తేనే ఆ మాట అబద్ధమవుతుంది. అదే మనిషి "దొరికినవాటిలో కొన్ని అమ్మా" అంటే మాత్రం పచ్చి అబద్ధం. 19వ శతాబ్దంలో బూల్, వెన్ అనే తర్కవేత్తల తర్వాత ఆధునిక తర్కం ఈ దారే పట్టింది. దాంతో లెక్కే మారిపోయింది: 256 రూపాల సిలాజిజాల్లో పాత పద్ధతిలో 24 చెల్లితే, ఖాళీ వర్గాలు కూడా ఉండొచ్చని ఒప్పుకున్నాక 15 మిగిలాయి. డారాప్టీ అనే రూపం ("ఎమ్‌లన్నీ పీలే, ఎమ్‌లన్నీ ఎస్‌లే, కాబట్టి కొన్ని ఎస్‌లు పీలు") ఎగిరిపోయింది ఇక్కడే. పాతవాళ్ళది పూర్తిగా తప్పని నేననను, ప్రతి పదానికీ కనీసం ఒక వస్తువు ఉందనుకుంటే వాళ్ళ రూల్ పనిచేస్తుంది. ఆ షరతు పైకి చెప్పకుండా దాటేసే పుస్తకాలతోనే నా పేచీ.

'కొన్ని' అంటే కనీసం ఒకటి అని ముందు చెప్పి, నాలుగు పేజీలు పోయాక "కాబట్టి మిగతావి కావు" అని రాసేవాళ్ళూ ఉన్నారు. రిజల్ట్స్ సగం చూసి "మా బ్యాచ్‌లో కొందరు పాసయ్యారు" అంటే మిగతావాళ్ళు ఫెయిలని కాదు, ఇంకా చూడలేదంతే.

అలాగే వ్యతిరేకం దగ్గర జాగ్రత్త. గంపలో పండ్లన్నీ బేనీషాలే అన్న వ్యాపారి మాట తప్పని తేల్చడానికి ఒక్క తోతాపురి బయటికి తీస్తే చాలు, ఒక్కటీ బేనీషా కాదని నిరూపించక్కర్లేదు. ఈ రెండింటినీ కలిపేసే నోట్సు పక్కన పెట్టేయండి.

ఇక అందరూ కాపీ కొట్టే వాక్యం: "డిడక్షన్ సాధారణం నుంచి ప్రత్యేకానికి, ఇండక్షన్ ప్రత్యేకం నుంచి సాధారణానికి." 1953లో ఆంధ్ర రాష్ట్ర రాజధాని కర్నూలు, కర్నూలు తుంగభద్ర ఒడ్డున ఉంది, కాబట్టి ఆ రాజధాని తుంగభద్ర ఒడ్డున ఉంది. ఇందులో సాధారణ సూత్రం ఒక్కటీ లేదు, అయినా పక్కా డిడక్షన్. పోయినేడు వాన పడింది, అంతకు ముందేడూ పడింది, ఈ ఏడూ పడుతుందిలే అని వేరుశనగ వేసే అనంతపురం రైతుది ఇండక్షన్, అదీ ప్రత్యేకం నుంచి ప్రత్యేకానికే. చూడాల్సింది గ్యారంటీని: ఆధారాలు నిజమైతే డిడక్షన్‌లో కన్‌క్లూజన్ అబద్ధం కావడానికి వీల్లేదు, ఇండక్షన్‌లో కావచ్చు, ఆ రైతునే అడగండి.

ఇంత చదివి పరీక్ష హాల్లో వాదనకు దిగకండి. బ్యాంకు పరీక్షల్లో 'అన్నీ' ఇస్తే 'కొన్ని' ఫాలో అవుతుందనే పాత పద్ధతినే పాటిస్తారు, టెన్షన్ పడకుండా టిక్ పెట్టి ముందుకు పోండి. 'కొన్ని' ఇచ్చి 'కొన్ని కావు' అని అడిగితే మాత్రం అక్కడ కూడా ఫాలో కాదు.