ఎత్తుకు ఎక్కేటప్పుడు ముస్టాంగ్ ఉడికిపోతుంటే: సమస్య - పరిష్కారం

సమస్య: డీసీఎస్ అనే కంప్యూటర్ విమానాల ఆటలో ముస్టాంగ్ (పి-51డి యుద్ధవిమానం) బాగానే లేస్తుంది, కానీ కొన్ని నిమిషాలు ఎక్కేసరికి కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) వేడి చూపే సూది 121 డిగ్రీల ఎర్రగీత దాటుతుంది, ఇంకాసేపటికి ఇంజన్ ఆగిపోతుంది.

ఒంగోలులో రోహిణి కార్తె ఎండల్లో మా తమ్ముడు దీనికి గది వేడినే కారణంగా భావించి, కంప్యూటర్ వెనుక టేబుల్ ఫ్యాన్ పెట్టాడు. దానివల్ల కంప్యూటర్‌కు మేలే జరిగింది గాని, ఆటలోని గాలి ఉష్ణోగ్రతను నిర్ణయించేది మిషన్ (ఆడే ఘట్టం) సెట్టింగే కనుక విమానానికి ఒరిగిందేమీ లేదు.

అసలు కారణం వేగం. రొయ్యల చెరువు గట్టు మీది డీజిల్ ఇంజన్ తాను తోడే నీటితోనే చల్లబడినట్టు, ముస్టాంగ్ తాను చీల్చుకుపోయే గాలితో చల్లబడుతుంది. ముక్కు మరీ పైకెత్తి గంటకు 120 మైళ్ళకు పడిపోతే పొట్ట కింది రేడియేటర్‌కు చాలినంత గాలి అందదు. కాబట్టి ముందు ముక్కు దించి వేగాన్ని 170 మైళ్ళకు తేవాలి, తర్వాత మానిఫోల్డ్ ప్రెజర్‌ను (ఇంజన్‌లోకి వెళ్ళే గాలి ఒత్తిడి, పాదరసపు అంగుళాల్లో) 46 అంగుళాలకు, ఆ పిమ్మట ఆర్‌పీఎంను (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) 2700కు తగ్గించాలి. ఈ వరుస మారకూడదు: తగ్గించేటప్పుడు ప్రెజర్ ముందు, పెంచేటప్పుడు ఆర్‌పీఎం ముందు. తిరగేస్తే తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ ప్రెజర్ పడి, సూది చల్లగా ఉన్నా ఇంజన్ దెబ్బతింటుంది.

అప్పటికీ వేడి దిగకపోతే కూలెంట్ డోర్ (రేడియేటర్ గాలి బయటికి పోయే తలుపు) స్విచ్ చూడండి. చల్లని ఇంజన్‌ను మీరే స్టార్ట్ చేసినప్పుడు దాన్ని ఆటోలో (తలుపు తనంతట తానే సర్దుకునే స్థానం) పెట్టడం మరచిపోవడం అందరూ చేసే పొరపాటే. ఆయిల్ డోర్‌కు వేరే స్విచ్ ఉంది, దాన్నీ చూడాలి. అత్యవసరమైతే స్విచ్‌తో డోర్‌ను మీరే పూర్తిగా తెరిచి, వేడి తగ్గాక తిరిగి ఆటోకు మార్చండి.

సమస్య: వేడి సరిగానే ఉంది, అయినా పోరాటం మధ్యలో ఇంజన్ పోతోంది.

3000 ఆర్‌పీఎం వద్ద 61 అంగుళాలకు 15 నిమిషాలు, గేటు (థ్రాటిల్ దారిలోని అడ్డు) దాటిన 67 అంగుళాలకు 5 నిమిషాలు పరిమితి. గడియారం చూడకపోవడమే ఇక్కడ తప్పు. మీరు గేటు దాటకుండానే ప్రెజర్ సూది 67కు ఎగురుతుంటే మాత్రం తప్పు మీ బల్ల మీది థ్రాటిల్ లివర్‌ది: లోపలి పొటెన్షియోమీటర్‌లో (లివర్ కదలికను సంకేతంగా మార్చే భాగం) దుమ్ము చేరితే సంకేతం ఉలిక్కిపడుతుంది. ఆటలోని యాక్సిస్ సెట్టింగ్‌లో (లివర్ కదలికను గీతగా చూపే చోట) లివర్‌ను నెమ్మదిగా కదుపుతూ గీతను గమనించండి, అది గెంతితే పొటెన్షియోమీటర్‌లో కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి.