పచ్చి చెక్క గిన్నె పగిలితే ముందు మొద్దును అనుమానించండి

ఇంకా ఆరని పచ్చి మొద్దును లేత్ (చెక్కను గిరగిరా తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం) మీద తిప్పి చేసిన గిన్నె పగిలిందని ఫోటో పంపే ప్రతివాళ్లూ అడిగేది ఒకటే, ఏ నూనె రాయాలని. నూనె సంగతి తర్వాత. పగులు ఎక్కడుందో చూడండి.

అడుగున, నడిమధ్యలో పగిలిందా?
మాను నడిబొడ్డు, అంటే వలయాల నట్టనడుమ ఉండే చుక్క, గిన్నెలో ఉండిపోయింది. దానికి మందు లేదు. మొద్దును బొడ్డు మీదుగా నిలువునా రెండుగా కోసి, బొడ్డు పక్కన వేలెడు మందం తీసేశాకే లేత్ ఎక్కించాలి. ఇది ఇంకా చెప్పాల్సి రావడమే విచిత్రం.

అంచు దగ్గర, ఎదురెదురుగా పగిలిందా?
అవి చెక్క నార తెగి కొసలు బయటికి తేలే చోట్లు. నీళ్లు అక్కణ్నుంచే తొందరగా పోతాయి. అనంతపురం ఎండ 40 డిగ్రీలు దాటాక, సగం తిప్పిన గిన్నెను ఫ్యాను కింద వదిలి భోజనానికి వెళ్తే పగలక ఏం చేస్తుంది? పని ఆపినప్పుడల్లా తడిగుడ్డ చుట్టండి.

అన్నీ జాగ్రత్తగా చేసినా పగిలిందంటే అసలు దొంగ వేరే. ఆ పగులు మీరు కొనేటప్పటికే మొద్దులో ఉంది. మాను కొట్టిన రోజు నుంచి రెండు కొసలూ ఆరుతూ, పగుళ్లు లోపలికి అంగుళాల లోతుకు పోతాయి. సామిల్లులో కొసను కాస్త కోసి ఇస్తే తాజాగానే కనిపిస్తుంది. తడి చెక్కలో ఆ వెంట్రుకవాసి గీత మూసుకునే ఉంటుంది. లేత్ మీద నున్నగా తిప్పినా బయటపడదు. ఆరేటప్పుడు నోరు తెరుస్తుంది, నింద మాత్రం ఎండ మీద పడుతుంది.

పరీక్షకు రెండు నిమిషాలు చాలు. మొద్దు కొస నుంచి అరంగుళం బిళ్ల కోసి, రెండు చేతులతో వంచండి. ఏ బలమూ పెట్టకముందే ఒక గీత వెంట విడిపోతే అక్కడ పాత పగులున్నట్టే. ఇంకో బిళ్ల కోయండి. గట్టి బిళ్ల వచ్చేదాకా కోస్తూనే ఉండండి. చెక్క పోతుందని ప్రాణం ఉసూరుమంటుంది, అయినా సరే. కొసలు శుభ్రపడ్డాక అదే రోజు మైనమో పాత పెయింటో పూసి, నీడలో పెట్టండి.

పగిలిన గిన్నె చేతిలోనే ఉంటే పగులు లోపలి రంగు చూడండి. మాసినట్టో నల్లగానో ఉంటే పాతది, కొత్త చెక్క రంగులో ఉంటే మీరు ఆరబెట్టడంలోనే తేడా. సన్న గీతైతే ఫెవిక్విక్, రంపపు పొట్టుతో పూడ్చండి. అడుగుదాకా పోతే పొయ్యిలోకే. దాన్ని మళ్లీ లేత్ ఎక్కిస్తే ముక్క మొహం మీదికి ఎగురుతుంది.

కోలగా మారిందా?
అది లోపం కాదు. చెక్క వలయాల వెంట కుంచించుకునేది, మధ్యకు కుంచించుకునే దానికి దాదాపు రెండింతలు. అందుకే గిన్నెను రెండుసార్లు తిప్పాలి. ఆరాక మళ్లీ గుండ్రంగా తిప్పడానికి చెక్క మిగిలేలా, మొదటిసారి గోడ మందం గిన్నె వెడల్పులో పదో వంతు ఉంచాలి, 10 అంగుళాల గిన్నెకు అంగుళం. అడుగు కూడా అంతే మందం. తిప్పినప్పుడు రాలిన దాని పొట్టులోనే పెట్టి, కాగితం చుట్టి, గాలి తగలని మూల ఉంచండి. వారానికోసారి వంటింటి కాటా మీద తూచండి. బరువు తగ్గడం ఆగాక రెండోసారి తిప్పండి. నెలలు పడుతుంది.

బూజు వస్తే పొట్టు మార్చండి. తుమ్మ చెక్కలో నల్ల మచ్చలు తడి చెక్కకు ఇనుము తగిలి వచ్చేవి, నిమ్మరసంతో చాలామటుకు పోతాయి.

ఇక పచ్చి ఎర్రచందనం ముక్క పగలకుండా ఎలా తిప్పాలని అడిగే కడప మిత్రులు ఫారెస్టు వాళ్లనే అడగండి.