ఇంట్లో డాన్స్ పార్టీ: మూడు భాషల చుట్టాలను ఒకే హాల్లో ఆడించడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడిలోనో, గుణుపురంలోనో, బరంపురంలోనో మనింట్లో పుట్టినరోజు ఫంక్షన్ పెట్టుకున్నామంటే, హాల్లో చేరే జనం అందరూ ఒకే పాటకు ఊగే రకం కాదు. ఏటి అవతల ఆంధ్రాలోని పాతపట్నం నుంచి వచ్చిన అత్తలకు తెలుగు పాట కావాలి. పక్కింటి ఒడియావాళ్లకు పశ్చిమ ఒడిశా జానపదమైన సంబల్‌పురి డోలు వినపడాలి. భువనేశ్వర్‌లో చదువుకునే పిల్లలు హిందీ, పంజాబీ తప్ప ఒప్పుకోరు. మంచి పాటలు పోగేసినంత మాత్రాన వీళ్లంతా కలిసి ఆడరు. ఏ పాట వెనక ఏది వస్తుందన్నదే అసలు పని.

ముందు తేదీ చూసుకోండి

మార్గశిర గురువారాలు వద్దు. ఒడియా ఇళ్లలో ఆ రోజు మాణబసా అనే లక్ష్మీపూజ. కార్తీకం చివరి అయిదు రోజులు పంచుక, అప్పుడు మాంసాహారం ముట్టరు. మీ మెనూలో బిర్యానీ ఉంటే ఇది కూడా లెక్కలోకి తీసుకోండి. మెట్రిక్ (పదో తరగతి) పరీక్షలప్పుడు అసలు ఆలోచించకండి, పక్కింట్లో పరీక్ష రాసే పిల్ల ఉంటే ఎంత చిన్న సౌండైనా గొడవే.

టైము విషయంలో మొహమాటం పనికిరాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. సొంత సౌండ్ సిస్టమైనా మన ప్రహరీ దగ్గర ఆ పరిమితిని 5 డెసిబెల్స్ కంటే ఎక్కువ దాటకూడదు. అంటే డాన్సు ఏడింటికి మొదలుపెడితేనే మూడు గంటలు దక్కుతుంది.

పాటలు పోగుచేయడం

పాట సగటున నాలుగు నిమిషాలు అనుకుంటే గంటకు 15, మూడు గంటలకు 45. ఓ 70 దగ్గర పెట్టుకోండి, కొన్ని అక్కడ పండవు. వారం ముందే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మనిషికి రెండు పాటలు అడగండి. తాను చెప్పిన పాట వస్తే కుర్చీకి అతుక్కుపోయిన బాబాయి కూడా లేస్తాడు.

వచ్చినవన్నీ ఒకసారి మొదటి నుంచీ వినండి. వీడియో సైట్ల నుంచి తీసిన సినిమా పాటల ముందు డైలాగులుంటాయి, చివర ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలోనే జనం వెళ్లి కూర్చుంటారు. డబుల్ మీనింగ్ పాటలను నానమ్మ ఉందని గుర్తుపెట్టుకుని తీసేయండి. అర్థం తెలియని పంజాబీ పాటను తెలిసినవాళ్లకు వినిపించి గాని పెట్టకండి. తర్వాత అన్నీ ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసుకోండి. నెట్ మీద ఆధారపడితే మంచి ఊపులో ఉండగా పాట ఆగుతుంది, లేదా సబ్బు ప్రకటన వస్తుంది.

వరస కుదర్చడం

భాషను బట్టి కాదు, దెబ్బను (బీట్‌ను) బట్టి కలపండి. పాట వింటూ 15 సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే నిమిషానికి వేగం తెలుస్తుంది. 100 లోపువి ఒక గుంపు, 100 నుంచి 120 ఒకటి, ఆపైవి ఒకటి. ఒకే గుంపులో తెలుగు నుంచి హిందీకి మారితే కాళ్లు ఆగవు. 125 నుంచి ఒక్కసారి 90కి దించితే, రెండూ తెలుగే అయినా, కొంగు బిగించి ఆడుతున్న పిన్ని అక్కడే ఆగి మంచినీళ్ల కోసం చూస్తుంది.

ఒక్కో భాషకు వరసగా మూడు పాటలివ్వండి. ఒకటి తెలుగు, ఒకటి ఒడియా, ఒకటి హిందీ అని వంతులు వేస్తే న్యాయంగానే కనిపిస్తుంది గానీ, ఒక్కరికీ ఊపు అందదు. తెలుగు నుంచి సంబల్‌పురికి మారేటప్పుడు డప్పు గట్టిగా వినిపించే మాస్ పాటను ముందు పెట్టండి. అటు డోలు, నిసాణ్, తాసా, ఇటు డప్పు. రెండింట్లోనూ తోలు వాద్యానిదే పెత్తనం కాబట్టి అతుకు కనపడదు.

మొదటి అరగంట ఎవరూ ఆడరు. అప్పుడు పాత మెలొడీలు చాలు, హిట్లు ఖర్చు చేయకండి. తర్వాత పిల్లల పాటలు వేస్తే వాళ్లు దూకుతారు, వాళ్ల వెనక తల్లులు వస్తారు. అక్కణ్ణుంచి నాలుగైదు వేగమైనవి, ఆపైన ఒక నెమ్మది పాట. జంటగా ఆడించే స్లో పాటలు మన ఇళ్లలో పెద్దగా నడవవు, అవి నీళ్లు తాగడానికే పనికొస్తాయి. జనం పలచబడినప్పుడు మాత్రం కొరాపుట్, అరకు వైపు గిరిజనులు ఆడే థింసా పాట ఒకటి వేయండి. వరసగా చేతులు పట్టుకుని తిరగడమే కాబట్టి డాన్సు రానివాళ్లూ కలుస్తారు.

స్పీకరు ఎక్కడ?

బీరువా మీద పెట్టకండి. బాస్ పడ్డప్పుడల్లా బీరువా తలుపు గడగడలాడుతుంది, పై అరలో స్టీలు గ్లాసులుంటే అవీ పాడతాయి. గోడ మూలకు నెట్టినా బాస్ ఉబ్బి మాట తెలియకుండా పోతుంది. స్టూలు మీద మడతపెట్టిన గోనెసంచి వేసి, గోడకు మూరెడు దూరంలో, పక్కింటి గోడకు వీపు పెట్టి ఉంచండి. పక్కింటికి ముందు దూరేది బాసే, తగ్గించాల్సి వస్తే దాన్నే తగ్గించండి.

బ్లూటూత్ మామూలుగా పది మీటర్లు, మధ్యలో గోడ వస్తే ఇంకా తక్కువ. ఫోను జేబులో పెట్టుకుని వంటింట్లోకి వెళ్తే హాల్లో పాట తెగుతుంది. ఫోన్ నుంచి స్పీకరుకు నేరుగా కలిపే ఆక్స్ వైరు పెట్టుకుంటే ఈ టెన్షన్ ఉండదు. ఫోను ఫ్లైట్ మోడ్‌లో ఉంచండి, లేకపోతే పాట మధ్యలో రింగ్‌టోన్ వస్తుంది. యాప్‌లో క్రాస్‌ఫేడ్ (ఒక పాట తగ్గుతుండగానే తర్వాతిది మొదలయ్యే ఏర్పాటు) ఉంటే నాలుగైదు సెకన్లు పెట్టండి. పాత పాట నీరసంగా, కొత్తది చెవులు పగిలేలా రాకుండా వాల్యూమ్ నార్మలైజేషన్ ఆన్ చేయండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివాన వస్తే కరెంటు పోతుంది, చార్జింగ్ పెట్టిన చిన్న బ్లూటూత్ స్పీకరు పక్కనుంచుకోండి.

ఫోను ఎవరి చేతిలో?

ఒక్కరి చేతిలోనే. గంటకొకరు మారినా పరవాలేదు, ఒకేసారి ఇద్దరు వద్దు. ఆ మనిషి చూపు ఫోను మీద కాకుండా జనం కాళ్ల మీద ఉండాలి. అర నిమిషం గడిచినా ఎవరూ కదలకపోతే పాట మార్చేయాలి, పూర్తిగా వినిపించాల్సిన రుణం ఏమీ లేదు. కోరికలు వస్తూనే ఉంటాయి. "ఒరే గుంటడా, ఆ పాతది ఒకటి ఎట్టరా" అని మావయ్య అడిగితే "లేదు" అనకండి. "అలాగే మావయ్యా, వీటి తర్వాత మీదే" అని, ఆ వేగం గుంపు వచ్చినప్పుడు వేయండి.

తొమ్మిదీ ముప్పావుకు "ఇంక మూడే" అని గట్టిగా చెప్పండి. ఆ మూడూ అందరికీ నోటికొచ్చిన పాటలై ఉండాలి. చెప్పకుండా ఆపితే "ఇంకొక్కటి" అని పది దాటిస్తారు. స్పీకరు కట్టేశాక, జనాన్ని లేపిన పాటలకూ కూర్చోబెట్టినవాటికీ లిస్టులో గుర్తు పెట్టి దాచుకోండి, సంక్రాంతికి మళ్లీ ఇదే జనం వస్తారు.